మిట్టమధ్యాహ్నం గుట్ట ఎక్కని బండి

"బండిలో ఏ లోపమూ లేదు" అని పద్మనాభం మూడోసారి రాశాడు.

రాసి, తేదీ వేసి, కింద సంతకం పెట్టాడు. ఆశ్రమం మందుల వ్యానుకి ఒక పుస్తకం ఉండేది. బండి ఎప్పుడు షెడ్డులోకి వచ్చింది, ఏం చూశారు, ఏం మార్చారు, అన్నీ అందులో రాయాలి. ఆ వైశాఖంలో మూడు వారాలు వరసగా అదే మాట పడింది.

డ్రైవరు ఓబులేసు పక్కనే నిలబడి చూస్తున్నాడు. అతనికి చదువు రాదు. కానీ అదే రాత మూడుసార్లు కళ్ళబడేసరికి అదేమిటో అర్థమైపోయింది.

"సామీ, అబద్దం చెప్తే నాకేమొస్తాది? పొద్దున శానా బాగుంటాది. మద్దేనం గుట్ట కాడికి పోయేతలికి గుంజదు. కాలు అదిమి పెట్టినా ఆయాసమొచ్చినోని మాదిరి రొప్పి రొప్పి నిలబడతాది."

"అదే గుట్ట నేను ఎక్కించాను కదా ఓబులేసూ. నువ్వు పక్కనే కూర్చున్నావు. ఎక్కలేదూ?"

"ఎక్కింది. తెల్లారుజామున."

"తెల్లవారుజామున ఒక ఎత్తు, మధ్యాహ్నం ఒక ఎత్తు ఉంటుందా గుట్ట?"

ఓబులేసు నవ్వలేదు. తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. బండి తాళాలు మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు. కోపంగా వెళ్ళి ఉంటే పద్మనాభానికి తేలిగ్గా ఉండేది. అలా వెళ్ళలేదు.

కడప జిల్లాలో పాలకొండల వార ఉండేది ఆ ఆశ్రమం. పెద్దదేం కాదు. ఒక ప్రార్థన మందిరం, పది గదులు, వంటశాల, చిన్న బడి, చిన్న ఆసుపత్రి, దాని వెనక రేకుల షెడ్డు. మంగళవారం, శుక్రవారం మందుల వ్యాను చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేది. అన్నిటికంటే చివర పెద్దగుట్ట మీది తండా. బీపీకి, మూర్ఛకి, కీళ్ళనొప్పులకి ఆశ్రమం మందులే వాడే ముసలివాళ్ళు అక్కడ ఓ పాతికమంది ఉండేవారు.

మూడు వారాలుగా బండి తండాకి చేరలేదు. ముసలివాళ్ళే ఎండలో సగం గుట్ట దిగి వచ్చి పొట్లాలు తీసుకుపోతున్నారు. ఆ మొర ఆశ్రమం దాకా వచ్చింది.

వ్యవహారాలు చూసే విశ్వనాథయ్య గారు తాలూకా కచేరీలో పనిచేసి రిటైరైన మనిషి. చెడ్డవారు కాదు. కాగితం మీద ఉన్నదాన్ని నమ్మే అలవాటు ఆయనది. పుస్తకం తెప్పించుకుని చూశారు.

"బండి బాగానే ఉందని మూడుసార్లు రాసి ఉంది. అయితే బాగులేనిది డ్రైవరే. ఎండకి జడిసి చెట్టు కింద ఆపుకుని పడుకుంటున్నాడు. అమావాస్య వెళ్ళగానే ఇంకొకణ్ణి పెట్టుకుందాం" అన్నారు.

అమావాస్య ఎనిమిది రోజుల్లో ఉంది. ఓబులేసు పదకొండేళ్ళుగా ఆ బండి నడుపుతున్నాడు. ఆశ్రమం గోడ పక్కనే వాళ్ళ గుడిసె. పిల్లలిద్దరూ ఆశ్రమం బడిలోనే చదువుతున్నారు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి పద్మనాభానికి అన్నం సయించలేదు. తను రాసింది అబద్ధం కాదు. పాలిటెక్నిక్‌లో మోటారు పని చదువుకుని, రెండేళ్ళ కిందట దీక్ష కోరి ఆశ్రమానికి వచ్చిన కుర్రాడు. గీత, ఉపనిషత్తు చెబుతారనుకుంటే షెడ్డులో వేశారు. అయినా పని తెలిసినవాడు. ఫిల్టర్లు మార్చాడు, గొట్టాలన్నీ విప్పి కడిగాడు, రేడియేటరు తుడిచాడు. ఇంక చూడవలసింది ఏమీ లేదు. లేనప్పుడు లేదనే కదా రాయాలి.

సాయంత్రం ప్రార్థనకి ముందు గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

గురువుగారి పేరు అకించనానంద స్వామి. ఆ పేరు నోరు తిరగక చుట్టుపక్కల జనం షెడ్డు సామి అనేవారు. పూర్వాశ్రమంలో మిలిటరీ లారీలు బాగుచేసేవారని చెప్పుకునేవాళ్ళు. ఆయనైతే ఎప్పుడూ చెప్పలేదు. కాషాయం పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టుకుని, ఆ పూట అట్ట మీద గీత గీసి కత్తెరతో ఇంజనుకి ప్యాకింగు కోస్తున్నారు.

"స్వామీ, ఒక మనిషి అబద్ధం ఆడుతున్నాడని తెలిశాక కూడా అతని మీద జాలి కలిగితే అది తప్పా?"

"ఎవరు నాయనా?"

"ఓబులేసు."

"అబద్ధమని ఎలా తెలిసింది?"

"బండి నేను చూశాను కదా స్వామీ. ఒకసారి కాదు, మూడుసార్లు."

"ఎప్పుడెప్పుడు చూశావు?"

"షెడ్డు తెరవగానే. పొద్దుటి ప్రార్థన అయ్యాక."

అందులో తప్పేమీ లేదు. వేసవిలో ఆశ్రమం నియమం అలాంటిది. పదకొండు నుంచి నాలుగు దాకా మౌనం. ఎవరి గదిలో వాళ్ళు జపం చేసుకుంటూ ఉండాలి. షెడ్డులో పానా కింద పెట్టిన చప్పుడు కూడా వినపడకూడదు. ఆ వేళలో బయట తిరిగేది ఓబులేసు, మందుల బండి, అంతే. అందుకని ఏ మరమ్మతైనా చల్లపూటే.

స్వామి కోసిన అట్టని చేతిలోకి తీసుకుని అంచున ఉన్న నూగు ఊదారు.

"రేపు శుక్రవారం. మందులతోపాటు మనమూ వెళదాం."

"మధ్యాహ్నమా? మౌనం కదా స్వామీ!"

"మాట్లాడకుండానే వెళదాం" అన్నారు స్వామి.

మర్నాడు ఊళ్ళన్నీ తిరిగేసరికి పన్నెండు దాటింది. ఓబులేసు బండి నడుపుతున్నాడు. పక్కన పద్మనాభం. వెనక మందుల పెట్టె మీద స్వామి, తల మీద తడి తువ్వాలు వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. పదకొండు కొట్టిన దగ్గర్నుంచి ఆయన నోట మాట లేదు.

ఆ ఎండ సంగతి మా వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. దారి పక్క బండలు తెల్లగా మెరుస్తున్నాయి. కిటికీ రేకు మీద మోచెయ్యి పెడితే చురుక్కుమంది. గాలి వస్తోంది కానీ పొయ్యిలోంచి వచ్చినట్టుంది.

గుట్ట మొదలైంది. మొదటి మలుపు బాగానే ఎక్కింది. రెండో మలుపులో ఇంజను గొంతు మారింది. ఓబులేసు గేరు తగ్గించాడు. మళ్ళీ తగ్గించాడు. పెడలు నేలకి ఆనిపోయింది. బండి మాత్రం ముసలమ్మ మెట్లెక్కినట్టు ఒక్కొక్క అడుగే వేసి, మూడో మలుపు దగ్గర ఆగిపోయింది.

"చూసినారా" అని ఓబులేసు అనలేదు. దిగి, దారి పక్కనున్న రాయి తెచ్చి వెనక చక్రానికి అడ్డం పెట్టాడు.

పద్మనాభం ఆ రాయిని చూశాడు. ఒక పక్క టైరు ఒరుసుకుని నల్లగా, నున్నగా అయిపోయి ఉంది. ఒకసారి రెండుసార్లు పెట్టినందుకు అలా కాదు.

మౌనం మొదట తప్పింది పద్మనాభమే. "ప్రతిసారీ ఇక్కడేనా?" అన్నాడు.

"ఈడనే, ల్యాకుంటే ఇంగో పది బారలు పైన. కాసేపు నిలబెడితే దానంతట అదే తేరుకుంటాది. మల్ల రెండు మలుపులకి ఇదే కత. అట్లా ఆగి ఆగి పోయేతలికి తండావోల్లే దిగొస్తారు."

"ఇదంతా నాకు చెప్పలేదే?"

"చెప్పబోతిని సామీ. గుట్ట ఎత్తు మారుతాదా అని అడిగితిరి."

పద్మనాభం బానెట్టు ఎత్తాడు. రేడియేటరు నీళ్ళు మరగడం లేదు. ఇంజనులో చెడ్డ చప్పుడేమీ లేదు. డీజిలు పంపుని చేత్తో కొట్టి చూశాడు. అది బిగుసుకుపోయి ఉంది, నొక్కితే పైకి రాదు. నట్లన్నీ ఇంకొకసారి బిగించాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. పావుగంట అయ్యాక స్టార్టు చేయమన్నాడు. ఇంజను మంచి గొంతుతో పలికింది.

"నట్టు వదులై ఉంటుంది స్వామీ. బిగించాను" అన్నాడు వెనక్కి తిరిగి.

స్వామి తల ఊపారు.

రెండు ఫర్లాంగులు వెళ్ళి బండి మళ్ళీ రొప్పింది. ఆగింది.

అప్పటికి పైనుంచి ఒక ముసలామె గొడుగు వేసుకుని దిగి వస్తోంది. తండాలో సోనీబాయి అంటే అందరికీ హడలే. దూరం నుంచే మొదలుపెట్టింది.

"ఏం ఓబులేసూ, ఈపొద్దు గూడా అలిగిందా నీ పెండ్లికూతురు? మోకాళ్ళనొప్పులకి మందు ఇస్తావు, ఆ మందు కోసం నన్ను గుట్ట దిగమంటావు. ఆ మందేదో నువ్వే మింగరాదా?"

స్వామిని చూసి నాలిక కరుచుకుని, గొడుగు దించింది. తర్వాత ఏమనుకుందో, ఆ గొడుగు తెచ్చి ఆయన తల మీద పట్టింది.

స్వామి గొడుగుని ఆమె వైపే జరిపి, బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఇంట్లో పిల్లలకి ఒళ్ళు వెచ్చగా ఉంటే పెద్దవాళ్ళు చూస్తారే, అలా ఒక్కొక్క చోట అరచెయ్యి ఆనించి చూస్తున్నారు. బానెట్టు మీద. డీజిలు గొట్టం మీద. ట్యాంకు మీద. చివరికి ట్యాంకు మూత మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచారు.

తీశాక ఆ చెయ్యి పద్మనాభానికి చూపించారు.

అరచెయ్యంతా ఎర్రగా ఉంది.

పద్మనాభం వెళ్ళి మూత ముట్టుకున్నాడు. వేలు జిగురుగా అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే నెయ్యి వాసన. సింధూరం. నేతిలో కలిపిన ఆంజనేయస్వామి సింధూరం, గోరుమందాన పేరుకుని, ఎండకి కరిగి మూతంతా పరుచుకుని ఉంది.

మూత తిప్పాడు. సుయ్యిమని పెద్ద శబ్దం చేస్తూ ట్యాంకు గాలి పీల్చుకుంది. చాలాసేపు పీల్చింది. సోనీబాయి భయపడి నాలుగడుగులు వెనక్కి వేసింది.

ట్యాంకు మూతకి సూదిమొనంత కన్నం ఒకటి ఉంటుంది. డీజిలు తగ్గేకొద్దీ ఆ కన్నంలోంచి గాలి లోపలికి పోయి ఆ ఖాళీని నింపాలి. గాలి పోకపోతే డీజిలు ఇంజనుకి అందదు. ఎత్తు ఎక్కేటప్పుడు మరీ అందదు. చల్లపూట నెయ్యి గడ్డకట్టి బీటలిస్తుంది. ఆ బీటల్లోంచి గాలి దూరుతుంది. ఏళ్ళ తరబడి పేరుకున్న ఆ పొర ఈ ఎండాకాలానికి కన్నం దాకా పాకి, మిట్టమధ్యాహ్నం కరిగి దాన్ని మూసేస్తోంది. బండి కాసేపు ఆగితే కొద్దికొద్దిగా గాలి ఊరి తేరుకుంటోంది. పైగా పద్మనాభం బండి పరీక్షించిన ప్రతిసారీ, బయల్దేరే ముందు డీజిలు ఎంతుందో చూడటానికి తన చేత్తోనే ఆ మూత తీసి పెట్టాడు; తీసినప్పుడల్లా గాలి లోపలికి పోయింది.

మూత వదులుగా పెట్టి బండి తీశారు. సోనీబాయిని ముందు సీట్లో కూర్చోబెట్టారు. బండి ఒక్క బిగిన తండా చేరింది. పిల్లలు ఎదురొచ్చి కేకలు పెట్టారు. సోనీబాయి పెళ్ళిబండి దిగినట్టు దిగింది.

తిరిగి వచ్చేటప్పుడు పద్మనాభం ఓబులేసు వైపు చూడలేకపోయాడు.

"సాయంత్రమే వంటశాలకి వెళ్ళి తులశమ్మగారికి చెబుతాను. ఇంక బండి జోలికి రావద్దని" అన్నాడు.

ఓబులేసు ఉలిక్కిపడ్డాడు. "వద్దు సామీ. ఆయమ్మ బొట్టు పెట్టబట్టినంక పదకొండేండ్లలో ఈ బండికి ఒక గీత పడల్యా. మూత కాకుంటే ఇంగేదన్నా మార్చండి. బొట్టు మాత్రం ఆపొద్దు."

"దానివల్లే నీ ఉద్యోగం పోబోయిందయ్యా!"

"అయినా సరే" అన్నాడు ఓబులేసు.

వెనక స్వామి కళ్ళు మూసుకునే ఉన్నారు. నాలుగు కావడానికి ఇంకా టైముంది.

తులశమ్మ మా అమ్మమ్మకి అక్క. మేమంతా పెద్దమ్మమ్మ అనేవాళ్ళం. పదహారేళ్ళకే భర్త పోతే ఆశ్రమానికి వచ్చి, వంటశాలలో ఉండిపోయింది. ఎండాకాలం సెలవులకి మా అమ్మ నన్ను అక్కడికి పంపేది. మంగళవారం పొద్దున్నే వంటశాల ముందున్న చిన్న ఆంజనేయుడికి సింధూరం పూసి, చేతికి మిగిలింది తుడుచుకోకుండా నేరుగా షెడ్డుకి నడిచేది. బయల్దేరబోతున్న బండికి బొట్టు పెట్టేది. కిందటి వారం బొట్టు మీదే ఈ వారం బొట్టు.

"ముందు అద్దానికి పెట్టొచ్చు కదా పెద్దమ్మమ్మా? అందరికీ కనబడుతుంది" అని ఒకసారి అడిగాను.

"అవి దాని కళ్ళే. కళ్ళల్లో బొట్టు పెడతారా ఎవరైనా? ఇదిగో, ఇది అది అన్నం తినే నోరు. నలుగురి మందులు మోసే ప్రాణి. దాని నోరు చల్లగా ఉండాలి" అంది.

మూత మీద బొట్టు పెట్టి, ఆ చెయ్యి తన కళ్ళకద్దుకునేది. ఆ మధ్యాహ్నం గుట్ట మీది సంగతి మాత్రం నాకు చాలా ఏళ్ళ తరవాత పద్మనాభం గారే చెప్పారు. అప్పటికి ఆయనా నెరిసిన గడ్డం స్వామి అయిపోయారు.

నాలుగు కొట్టగానే పద్మనాభం షెడ్డులో ఒక డబ్బాలో కిరసనాయిలు పోసి, గుడ్డ ముంచి, మూత రుద్దబోయాడు.

స్వామి ఆ చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీ."

"కన్నం మూసుకుపోయింది కదా స్వామీ."

స్వామి సామాన్ల పెట్టెలోంచి చేతి డ్రిల్లు తీశారు. చిటికెనవేలంత రాగి గొట్టం తీసి, చేతికర్ర పిడిలా మొన కిందికి వంచారు. ట్యాంకు మెడ మీద, మూతకి రెండంగుళాల కింద, సుద్దముక్కతో చిన్న చుక్క పెట్టారు. డ్రిల్లు పద్మనాభం చేతికిచ్చారు.

"ఇక్కడ ఇంకో కన్నం వెయ్యి."

పద్మనాభం డ్రిల్లు పట్టుకుని నిలబడ్డాడు. "స్వామీ, ఆవిడకి ఒక్క మాట చెబితే అయిపోయే పని ఇది."

"అయిపోతుంది" అన్నారు స్వామి. "వచ్చే మంగళవారం నుంచి ఆవిడ షెడ్డు వైపు రాదు."

పద్మనాభం సుద్ద చుక్క వైపు చూశాడు.

"కన్నం మనం పెట్టుకున్నదే నాయనా. పక్కకి జరుపుకోవచ్చు."

రజను లోపల పడకుండా ట్యాంకు మెడలో నూనెగుడ్డ కుక్కి పద్మనాభం డ్రిల్లు తిప్పడం మొదలుపెట్టాడు. కన్నం పడ్డాక దానికి మర తీసి గొట్టం బిగించాడు. దుమ్మూ వానా పోకుండా దాని మొన కిందికి చూస్తోంది. వేలితో మూసి, తీసి, గాలి ఆడుతోందని చూసుకున్నాడు. చివర్న గుడ్డ లాగేసి, ఎర్రటి మూత తీసుకుని, బొట్టు చెదరకుండా అంచులు పట్టుకుని బిగించాడు.

ఆ పూట భోజనాల దగ్గర అందరూ ఉన్నారు. దీపాలు పెట్టక ముందే భోజనాలు అక్కడి అలవాటు. వరసగా విస్తళ్ళు. ఒక చివర స్వామి, ఆయన పక్కన విశ్వనాథయ్య గారు, ఎదురు వరసలో పద్మనాభం. దూరంగా, తలుపు దగ్గర ఓబులేసు, అతని ఇద్దరు పిల్లలు. వడ్డన మా పెద్దమ్మమ్మది.

మజ్జిగ దాకా వచ్చాక విశ్వనాథయ్య గారు గొంతు సవరించుకున్నారు.

"ఏం పద్మనాభం, మధ్యాహ్నం వెళ్ళొచ్చారుట. తేలిందా? అమావాస్య దగ్గరికొచ్చింది. కొత్త మనిషికి కబురు చెయ్యాలి."

తలుపు దగ్గర ఓబులేసు చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. చిన్న పిల్ల తండ్రి మొహంలోకి చూసింది.

పద్మనాభం స్వామి వైపు చూశాడు. స్వామి విస్తట్లోకి చూసుకుంటున్నారు.

"కబురు చెయ్యొద్దండి. ఓబులేసు మొదటి రోజు నుంచీ నిజమే చెప్పాడు. లోపం ఉంది. అది మిట్టమధ్యాహ్నం కనబడే లోపం. నేను తెల్లవారుజామున వెతికి, లేదని రాశాను. మూడుసార్లు రాశాను."

విశ్వనాథయ్య గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఇంతకీ ఏమిటా లోపం?"

"ట్యాంకుకి గాలి ఆడటం లేదండి. ఆడేందుకు దారి చేశాం."

"పదకొండేళ్ళు ఆడింది, ఇప్పుడెందుకు ఆడలేదు?"

మజ్జిగ గిన్నెతో పెద్దమ్మమ్మ సరిగ్గా పద్మనాభం ఎదుటే ఉంది. గరిటె నిండా తీసుకుని, అతను విస్తరికి అడ్డం పెట్టిన చెయ్యి తీస్తాడని చూస్తోంది. ఆవిడ కుడిచేతి ఉంగరపు వేలు ఎర్రగా ఉంది. ఎంత కడిగినా ఆ ఎరుపు పోయేది కాదు.

పద్మనాభం చెయ్యి తీశాడు.

"నేను సరిగా చూడలేదండి. ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నానో, ఒక్కసారీ చూడలేదు."

"అంటే నీ అజాగ్రత్త వల్ల ఒక సంసారం రోడ్డున పడేది."

"అవునండి."

ఇరవైమంది మధ్య తల వంచుకుని కూర్చున్నాడు పద్మనాభం. చెవులు ఎర్రబడిపోయాయి. ఓబులేసు లేవబోయాడు, ఏదో చెప్పబోయాడు. స్వామి అతని వైపు ఒక్క చూపు చూశారు. మళ్ళీ కూర్చున్నాడు.

పెద్దమ్మమ్మకి మనసాగలేదు. గిన్నె కింద పెట్టి విశ్వనాథయ్య గారి వైపు తిరిగింది.

"ఇంక వదిలెయ్యండి బాబూ. చిన్నవాడు. అన్నం ముందు కూర్చున్న బిడ్డని అంతలేసి మాటలనొచ్చా? తప్పయిందని తనే ఒప్పుకున్నాడు. అదేం తక్కువా?"

పద్మనాభం విస్తట్లో మజ్జిగ పోసింది. ఇంకొక గరిటె పోసింది. వంగి, గొంతు తగ్గించింది.

"నువ్వేం బెంగపెట్టుకోకు నాయనా. వచ్చే మంగళవారం బండికి ఇంకాస్త దట్టంగా పెడతాలే బొట్టు. ఇంక ఏ లోపమూ దాని దగ్గరికి రాదు."

పద్మనాభం తలెత్తి ఆవిడ ఎర్రటి వేలు వైపు చూశాడు.

"అలాగే పెట్టమ్మా" అన్నాడు.